తగ్గింది మార్కులా, పిల్లవాడా?

మనబోటి మధ్యతరగతి ఇళ్ళలో ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడో పిల్లో ఉంటే, ఆ ఇంటి వాతావరణం సోమవారం సాయంత్రానికి మారిపోతుంది. ఆదివారం పరీక్ష జరుగుతుంది. సోమవారం తండ్రి సెల్‌ఫోనుకు మార్కులు వస్తాయి. అంకె పెరిగితే ఆ పూట పులిహోర. తగ్గితే తండ్రి పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు, తల్లి గిన్నెలు కాస్త గట్టిగా కడుగుతుంది, హాస్టల్లో ఉన్న పిల్లకు రాత్రి తొమ్మిదింటికి ఫోను వెళుతుంది. "ఏమయింది నీకు?" అన్నదే మొదటి ప్రశ్న.

నేను కాలేజీలో ముప్ఫై ఏళ్ళు గణాంక శాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. జాతకాలు పట్టుకుని జ్యోతిష్కుడి దగ్గరకు వెళ్ళినట్టు, మా వీధిలోవాళ్ళు మార్కుల జాబితాలు పట్టుకుని మా అరుగు మీదకు వస్తుంటారు. జ్యోతిష్కుడికి ఉన్న ధైర్యం నాకు లేదు. రెండు అంకెలు చూసి భవిష్యత్తు చెప్పలేను. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎన్ని కారణాల వల్ల రావచ్చునో మాత్రం చెప్పగలను. అందులో పిల్లవాడి చదువు ఒక్కటే కారణం కాదు. చాలాసార్లు అది ముఖ్య కారణం కూడా కాదు.

ఒక్క మెతుకు చాలునా?

అన్నం ఉడికిందో లేదో తెలియటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు మన ఆడవాళ్ళు. పరీక్ష కూడా మెతుకు పట్టి చూడటమే. రెండేళ్ళ పాఠాలలో అడగదగ్గ ప్రశ్నలు వేలకొద్దీ ఉంటాయి. వాటిలో ఏ వందో నూట ఎనభయ్యో ఏరి కాగితం మీద పెడతారు. అయితే పిల్లల చదువు గిన్నెలో అన్నంలా సమంగా ఉడకదు. ఒక పక్క మెత్తగా ఉడుకుతుంది, ఒక పక్క పలుకుగా ఉంటుంది. చెయ్యి ఏ పక్కన పడితే ఆ మెతుకే వస్తుంది.

ఒక పిల్లవాడికి పాఠాలలో నూటికి 70 వంతులు వచ్చుననుకోండి. వంద ప్రశ్నల పేపరిస్తే సరిగ్గా 70 వస్తాయా? ఒకసారి 74, ఒకసారి 66, ఒకసారి 71. లెక్క వేస్తే మూడింట రెండుసార్లు 65కూ 75కూ మధ్య పడతాయి. మిగతాసార్లు అంతకన్నా ఎక్కువో తక్కువో. ఇలాంటి రెండు పేపర్లను పక్కపక్కన పెడితే, దాదాపు పదింట మూడుసార్లు వాటి మధ్య తేడా ఆరు మార్కులు దాటుతుంది. పిల్లవాడు వారంలో ఒక్క ముక్క మరచిపోయిందీ లేదు, ఒక్క ముక్క కొత్తగా నేర్చిందీ లేదు.

వైద్యవిద్య ప్రవేశానికి రాసే నీట్ పరీక్ష లెక్క చూడండి. 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరైన జవాబుకు 4 వస్తాయి, తప్పుకు 1 పోతుంది. అంటే ఒక ప్రశ్న అటునుంచి ఇటు తిరిగితే 5 మార్కుల తేడా. ప్రశ్నలన్నీ రాసి, నాలుగింట మూడు వంతులు సరిగ్గా చేసే పిల్లకు సగటున 495 రావాలి. కాని ఆ 495 చుట్టూ ఇటు 30, అటు 30 ఊగటం ఆ పరీక్ష స్వభావంలోనే ఉన్నది. రెండు వరస పరీక్షల మధ్య 40 మార్కుల తేడా వస్తే అది వార్తే కాదన్నమాట. మన ఇళ్ళలో గిన్నెలు మోగేది మాత్రం సాధారణంగా ఆ 40 మార్కుల కోసమే.

అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష ఫలితంలో మార్కు పక్కనే "ఇంతనుంచి ఇంతవరకు" అని ఒక హద్దు కూడా అచ్చువేస్తారు. ఈ మార్కును సూదిమొనలాగా చూడకండి, జానెడు గుడ్డలాగా చూడండి అని పరీక్ష పెట్టినవాళ్ళే చెబుతున్నారన్నమాట. మన సెల్‌ఫోనుకు వచ్చే మార్కుకు అటువంటి హద్దు ఉండదు. దాన్ని మనమే మనసులో గీసుకోవాలి.

తిట్టు పనిచేసిందా?

"మాస్టారూ, మీరేమన్నా అనండి. పోయినసారి మార్కులు తగ్గితే గట్టిగా చీవాట్లు పెట్టాను. ఈసారి పెరిగినై. తిడితేగాని దారికి రారు" అన్నాడు ఎదురింటి హెడ్ క్లర్కు.

ఇది ఆయన ఒక్కడి నమ్మకం కాదు. ఇజ్రాయెల్ వైమానిక దళంలో విమానం నడపటం నేర్పేవాళ్ళు కూడా సరిగ్గా ఇదే చెప్పారట. శిష్యుడు బాగా నడిపినప్పుడు మెచ్చుకుంటే మరుసటిసారి చెడగొడుతున్నాడు, చెడగొట్టినప్పుడు తిడితే మరుసటిసారి బాగా నడుపుతున్నాడు, గనక మెచ్చుకోలు చెరుపు, తిట్టు మందు అని వాళ్ళ వాదన. వాళ్ళకు పాఠం చెప్పటానికి వెళ్ళిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ అందులోని కిటుకు పట్టుకున్నాడు. ఆయనకే 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

కిటుకేమిటంటే, ఎవరైనా తమ మామూలు స్థాయి కంటె బాగా చేసిన రోజున సామర్థ్యంతోబాటు అదృష్టం కూడా కలిసివచ్చి ఉంటుంది. బాగా చెడగొట్టిన రోజున దురదృష్టం తోడై ఉంటుంది. ఆ అదృష్ట దురదృష్టాలు మర్నాడు కూడా కాపలా కూర్చోవు. గనక అతిగా పెరిగింది తగ్గుతుంది, అతిగా తగ్గింది పెరుగుతుంది, మనం తిట్టినా తిట్టకపోయినా. దీన్ని మొదట లెక్కకట్టి చూపినవాడు ఇంగ్లీషువాడు ఫ్రాన్సిస్ గాల్టన్. 1886లో తల్లిదండ్రుల ఎత్తులూ, పిల్లల ఎత్తులూ కొలిచి, మరీ పొడవాటివాళ్ళ పిల్లలు సగటు కంటె పొడవే అయినా పెద్దలంత పొడవు కావటం లేదనీ, మరీ పొట్టివాళ్ళ పిల్లలు పెద్దలంత పొట్టి కావటం లేదనీ చూపాడు.

ఈ సంగతి తెలియకపోవటం వల్ల జరిగే అన్యాయం చూశారా? పిల్లవాడు తగ్గినప్పుడే మనం తిడతాం, ఆ తరవాత పెరగటం ఎటూ జరుగుతుంది, పుణ్యమంతా తిట్టుకు పోతుంది. పెరిగినప్పుడే మెచ్చుకుంటాం, ఆ తరవాత ఎటూ తగ్గుతుంది, పాపమంతా మెచ్చుకోలుకు చుట్టుకుంటుంది. ఇలా నాలుగేళ్ళు గడిచేసరికి ఎంత మంచి తండ్రి అయినా చండశాసనుడవుతాడు. తన అనుభవమే తనకు అలా నేర్పిందనుకుంటాడు.

వెనకబడ్డ పిల్లలను ఏరి ప్రత్యేక తరగతి పెట్టి, వాళ్ళకు సగటున ఇరవై మార్కులు పెరిగాయని ప్రకటించే చోట కూడా ఇదే జాగ్రత్త కావాలి. అట్టడుగున ఉన్నవాళ్ళను ఏరితే, ఏమీ చెప్పకుండా మళ్ళీ పరీక్ష పెట్టినా కొంత పెరుగుతారు. ప్రత్యేక తరగతి గొప్పతనం తెలియాలంటే, అలాంటి మార్కులే వచ్చి ఆ తరగతికి వెళ్ళని పిల్లలు ఎంత పెరిగారో కూడా అడగాలి.

కొలబద్ద కూడా కదులుతుంది

ఇక పేపరు సంగతి. నీట్‌లో జనరల్ అభ్యర్థులు గట్టెక్కటానికి నియమం 50వ పర్సెంటైల్. అంటే రాసినవారిలో సగంమందికి పైన ఉండాలి. ఆ హద్దు 2022లో 117 మార్కుల దగ్గర ఉన్నది. 2023లో 137కు వచ్చింది. 2024లో సవరించిన ఫలితాల ప్రకారం 162. 2025లో మళ్ళీ 144కు దిగింది. 150 మార్కులు వచ్చిన పిల్లవాణ్ణి ఊహించుకోండి. వాడు 2023లో గట్టెక్కాడు, 2024లో మునిగాడు, 2025లో మళ్ళీ తేలాడు. పిల్లవాడూ అతని చదువూ ఒక్కటే, నీటిమట్టం మారింది. అందరికన్నా పైమార్కు చూసినా అంతే. 2024లో సవరణలన్నీ అయినాక కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశం మొత్తం మీద అత్యధికం 686. దేశంలోని తెలివైన పిల్లలంతా ఒక్క ఏడాదిలో మందబుద్ధులయ్యారని ఎవరైనా అంటారా? అనరు. మన ఇంట్లో పిల్లకు తగ్గితే మాత్రం వెంటనే అంటాం.

అందుకే ఇంజనీరింగు ప్రవేశానికి జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో 2019 నుంచి పూటకొక పేపరు ఇస్తున్నప్పుడు మార్కులు పక్కన పెట్టి, ఆ పూట రాసినవారిలో నూటికి ఎంతమంది మీకు సమానంగానో కిందనో ఉన్నారు అన్న లెక్క కట్టటం మొదలుపెట్టారు. ఇది న్యాయమైన పద్ధతే. కాని దీనికీ దాని కిటుకులున్నై. నడిమధ్య జనం కిక్కిరిసి ఉంటారు గనక 50 నుంచి 55 పర్సెంటైల్‌కు పోవటానికి కొద్ది మార్కులు చాలు. 99 నుంచి 99.5కు పోవటం గుట్ట ఎక్కినట్టు. రెంటినీ ఒకే మోస్తరు పెరుగుదల అనుకోకూడదు. మరొకటి, పది లక్షలమంది రాస్తే 99 పర్సెంటైల్ అంటే సుమారు పదివేలవ ర్యాంకు. పద్నాలుగు లక్షలమంది రాస్తే అదే 99 పద్నాలుగువేలవ ర్యాంకు. అన్నకు వచ్చిన ర్యాంకునూ తమ్ముడికి వచ్చిన ర్యాంకునూ పక్కపక్కన పెట్టి తమ్ముణ్ణి దెప్పేముందు, ఆ రెండేళ్ళూ ఎంతమంది రాశారో చూసుకోవాలి.

రాసినవాళ్ళెవరు?

ఇంటి సంగతి ఇలా ఉంటే, దేశాల సంగతీ ఇంతే. అమెరికాలో శాట్ సగటు మార్కులు 1963లో భాషకు 478, లెక్కలకు 502 ఉండేవి. 1980 నాటికి అవి 424కూ 466కూ పడిపోయాయి. దేశమంతా గగ్గోలు. టెలివిజన్ చెడగొట్టిందన్నారు, టీచర్లు చెడిపోయారన్నారు, కుటుంబాలు విచ్చిపోయాయన్నారు. విల్లార్డ్ విర్ట్జ్ అధ్యక్షతన ఒక సంఘం కూర్చుని 1977లో నివేదిక ఇచ్చింది. 1970 వరకు జరిగిన తగ్గుదలలో ఎక్కువ భాగానికి కారణం పరీక్ష రాసేవాళ్ళు మారటమేనని అందులో తేలింది. వెనక కాలేజీ మొహం చూడని కుటుంబాల పిల్లలు కూడా వచ్చి పరీక్ష రాయసాగారు. అది దేశానికి శుభవార్త! సగటు అంకె మాత్రం దాన్ని అశుభవార్తగా చూపించింది. 1970 తరవాతి తగ్గుదలకు ఈ సమాధానం చాలలేదని, అందులో కొంత నిజమైన తగ్గుదలేనని కూడా ఆ సంఘమే చెప్పింది. రెండూ చెప్పటమే నిజాయితీ. ఆ పైన 1995లో కొలబద్దనే తిరగరాసి సగటును మళ్ళీ 500 దగ్గరకు చేర్చారు. ఆ సంగతి తెలియనివాడు 1994నూ 1996నూ పోల్చి, అమెరికా పిల్లలు రాత్రికి రాత్రి పండితులయ్యారనుకోవచ్చు.

"రాసేవాళ్ళు మారితే అంత తేడా వస్తుందా?" అంటారేమో. చిన్న లెక్క చూడండి. ఒక కాలేజీలో నిరుడు పట్నం పిల్లలు 80 మంది, సగటు 70. పల్లెటూరి పిల్లలు 20 మంది, సగటు 40. మొత్తం సగటు 64. ఈ ఏడు చెరి 50 మంది. పట్నం పిల్లల సగటు 72కు పెరిగింది, పల్లెటూరి పిల్లల సగటు 44కు పెరిగింది. మొత్తం సగటు ఎంత? 58! ఇరుపక్షాలూ పెరిగారు, కాలేజీ "పడిపోయింది". ప్రిన్సిపాలుకు మెమో రావటానికి ఇది చాలు.

మన పదో తరగతి ఫలితాలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నూటికి 94.88 మంది పాసయ్యారు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వల్ల పరీక్షలే లేవు. 2022లో 67.26. పిల్లలు బొత్తిగా చెడిపోయారని ఆనాడు ఇంటింటా అనుకున్నారు. కాని మధ్యలో బడులు మూతపడ్డాయి, పేపర్ల సంఖ్య మారింది. రెండేళ్ళు తిరిగేసరికి 2024లో 86.69. ఆ పతనమంతా పిల్లల సోమరితనమే అయితే, ఈ కోలుకోవటం దేనివల్ల?

పెరిగినా అనుమానించాలి

తగ్గినప్పుడు బెంగపడేవాళ్ళు పెరిగినప్పుడు ప్రశ్నలు వేయరు. 1987లో అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని కానెల్ అనే డాక్టరుకు ఒక అనుమానం వచ్చింది. అంతగా చదువురాదని పేరుపడ్డ తమ ప్రాంతంలో కూడా పిల్లల మార్కులు జాతీయ సగటు కంటె పైన ఉన్నాయేమిటని విచారించాడు. తీరా చూస్తే యాభై రాష్ట్రాలూ జాతీయ సగటు కంటె పైనే ఉన్నై! అందరూ సగటును మించటం సాధ్యమా? ఏళ్ళ కిందటి పిల్లలతో కట్టిన పాత సగటును వాడుతున్నారు, అదే పేపరు ఏటేటా తిప్పితిప్పి ఇస్తున్నారు. టీచర్లకు ప్రశ్నలు అలవాటై, పిల్లలకు ప్రశ్నలే పాఠాలయ్యాయి. పెరిగింది మార్కు, చదువు కాదు.

ఇంకా ముదిరితే ఏమవుతుందో అట్లాంటా నగరం చూపించింది. మార్కులు పెంచితేనే పరువూ బహుమానాలూ అనేసరికి, అక్కడ 2009 పరీక్షల్లో పిల్లల జవాబులను టీచర్లే చెరిపి దిద్దారు. 44 బడులలో 178 మంది ఉపాధ్యాయులూ అధికారులూ ఇందులో ఉన్నారని 2011లో విచారణ తేల్చింది. నష్టపోయిందెవరు? అందులో చదువు రాని పిల్లలు. మార్కు ఉన్నది గనక వాళ్ళకు సాయం అక్కరలేదనుకున్నారు. థర్మామీటరును చన్నీళ్ళలో ముంచి జ్వరం తగ్గిందన్నట్టు.

ఒక జాబితా కథ

నిరుడు మా వీధిలోని ఒక బ్యాంకు ఉద్యోగి ఆదరాబాదరా వచ్చాడు. కూతురికి నీట్ నమూనా పరీక్షలో 498 నుంచి 451కి తగ్గినై. "మాస్టారూ, రేపే వెళ్ళి పిల్లను వేరే కాలేజీలో చేర్పిస్తున్నాను. అడ్వాన్సు కూడా మాట్లాడాను" అన్నాడు. కట్టిన ఫీజు వెనక్కు రాదు. పిల్ల ససేమిరా రానని ఏడుస్తున్నదట.

"అన్ని పరీక్షల కాగితాలూ తెప్పించవోయ్, తరగతి సగటులతో సహా. ఆ పైన నీ ఇష్టం" అన్నాను. తెప్పించాడు. ఆ పేపరుకు తరగతి మొత్తం సగటే 35 మార్కులు పడింది. పేపరు కష్టం. మిగిలింది 12 మార్కులు. అది ఊగిసలాటే. కాలేజీ మార్చవలసిన కారణం ఆ 47లో లేదు.

కాని జాబితాలో మరొకటి ఉన్నది. ఫిజిక్సు ఒక్కటే విడిగా రాసి చూస్తే ఆరు పరీక్షల్లో 112, 106, 108, 95, 88, 76. తరగతి ఫిజిక్సు సగటు చివరి పేపరు దాకా ఉన్నచోటనే ఉన్నది. మధ్యలో రెండుసార్లు మొత్తం మార్కు పెరిగింది గనక ఇంట్లో సంతోషించారు. అసలు జబ్బు ఆ సంతోషం కింద దాగి ఉన్నది. ఫోను చేసి అడిగితే పిల్ల నెమ్మదిగా చెప్పింది: "తాతయ్యగారూ, డెంగీ వచ్చి ఇంటికి వచ్చినప్పుడు భ్రమణ చలనం పాఠం పోయింది. తరవాతవన్నీ దాని మీదే ఉన్నై. అడిగితే నాన్నగారు కోప్పడతారని..."

తండ్రి అడ్వాన్సు మాట మానుకుని, కాలేజీలోనే ఆ పాఠం మళ్ళీ చెప్పించే ఏర్పాటు చేశాడు. తరవాతి రెండు పరీక్షల్లో ఫిజిక్సు 81, 93. ఆయన స్వీట్లు పట్టుకొచ్చాడు. "రెండు పరీక్షలకే పండగ వద్దు, ఇంకో మూడు చూద్దాం" అన్నాను గాని, స్వీట్లు మాత్రం పుచ్చుకున్నాను.

మరేం చెయ్యాలి?

"అంతా అదృష్టమే అయితే పిల్లలను అడగనే వద్దంటారా?" అని హెడ్ క్లర్కు నిలదీశాడు. అడగాలి. ఏది అడగాలో తెలిసి అడగాలి.

ఒక్క మార్కు మీద తీర్పు చెప్పకండి. అయిదారు పరీక్షలు వరసగా ఒక కాగితం మీద రాయండి. ప్రతి మార్కు పక్కన ఆ రోజు తరగతి సగటు రాయండి. పిల్ల తరగతితోబాటు దిగితే పేపరు కష్టం, తరగతి నిలిచి ఉండగా పిల్ల ఒక్కతే నాలుగుసార్లు దిగితే నిజమైన కబురు. మొత్తంతో తృప్తిపడక సబ్జెక్టులు విడదీసి చూడండి. పోయిన ప్రశ్నలను మూడు కుప్పలు పెట్టించండి: రానివి, వచ్చి పొరపాటు పడ్డవి, గుడ్డిగా గుర్తుపెట్టినవి. మొదటి కుప్పకు పాఠం కావాలి, రెండోదానికి నిద్ర కావాలి, మూడోదానికి నిబ్బరం కావాలి. తిట్టు ఏ కుప్పకూ అక్కరకు రాదు.

పిల్లలు తిండి మానేసినా, నిద్ర మానేసినా, ఫోనులో మాటలు పొడిపొడిగా వచ్చినా అది మార్కుల సమస్య కాదు. దానికి గణాంక శాస్త్రం పనికిరాదు. ఆ రాత్రే బస్సెక్కి వెళ్ళి చూడాలి. ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లలో మనం ఏటా చదివి, పేజీ తిప్పేసే వార్తలున్నై. ఆ ఇళ్ళలో చాలాచోట్ల ఎవరో ఒకరు ఒక్క అంకెను పిల్లవాడి పూర్తి విలువ అనుకున్నారు. కొన్నిచోట్ల అలా అనుకున్నది పిల్లవాడే. వాడికి ఆ మాట ఎవరు నేర్పారు?

ఈ వారం ఫోనుకు మార్కులు వస్తే, రాత్రి తొమ్మిదింటి ఫోనులో మొదటి ప్రశ్న మార్చి చూడండి. "ఏమయింది నీకు?" అనటానికి బదులు "పేపరెలా ఇచ్చాడమ్మా? భోంచేశావా?" అనండి. ఆ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులో, మార్కుల జాబితా చెప్పని సంగతులు ఎన్నో తెలుస్తాయి.